రాజమండ్రి చూడ్డానికి వచ్చేవాళ్లకి మనం ఎక్కడ కనిపిస్తున్నాం?



రాజమండ్రిలో ఒక్కరోజు ఉంటే ఏమేం చూడాలి? స్టేషన్ బయట ఆటో అన్నని అడగండి, లాడ్జి కౌంటర్లో కుర్రాణ్ణి అడగండి, యూట్యూబ్‌లో వెతకండి. అందరూ ఒకటే లిస్టు చెప్తారు. పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, మార్కండేయ స్వామి గుడి, ఇస్కాన్ గుడి, పాత హేవలాక్ వంతెన, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, వీరేశలింగం గారి ఇల్లు, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ. మధ్యలో మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్. ఇంకో రోజు మిగిలితే బోటెక్కి పాపికొండలు.

ఇందులో తప్పేం లేదు. ఊరు చూడదగ్గదే. రాజరాజనరేంద్రుడు, నన్నయ్య, వీరేశలింగం నడిచిన నేల. మనవాళ్లు కూడా కాలేజీ చదువుకీ, ఆసుపత్రికీ, కోర్టు పనులకీ వచ్చినప్పుడు గట్టు మీద ఓ గంట కూర్చుని వెళ్తూనే ఉంటారు.

కానీ ఆ లిస్టుని ఒక్కసారి ఆదివాసీగా చదవండి. అందులో మనం ఎక్కడున్నాం? ఉన్నాం, లేకపోలేదు. పాపికొండల బోటు మైకులో ఉన్నాం. "అటు చూడండి, కొండల మీద గిరిజనుల గుడిసెలు, ఫొటోలు తీసుకోండి" అంటాడు. పేరంటాలపల్లిలో వెదురు బొమ్మలమ్మే ఆడవాళ్లుగా ఉన్నాం. మారేడుమిల్లి రోడ్డు మీద బొంగు చికెన్‌గా ఉన్నాం. అంటే కొండ, వాగు, మంచు, గుడిసె, వాటితోపాటు మనం. చూసే వస్తువులం. చరిత్ర అంతా టౌనుకి, అందం అంతా కొండకి అని పంచేశారు. ఈ పంపకం గురించే ఈ నాలుగు మాటలు.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. పెరూ అని దక్షిణ అమెరికాలో ఒక దేశం. అక్కడ ఆండీస్ కొండల్లో, సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున కుస్కో అనే ఊరుంది. ఒకప్పుడు ఇంకాల రాజధాని. 1533లో స్పెయిన్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. కొరికాంచ అనే సూర్యుడి గుడిలో బంగారం వలుచుకుని, ఆ గోడల మీదే చర్చి కట్టారు. 1950లో పెద్ద భూకంపం వచ్చింది. పైన చర్చి బాగా దెబ్బతింది. కింద ఆదివాసుల తాతలు సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు చెక్కుచెదరలేదు. ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్లి చూసేది ఆ గోడల్నే. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న మైదానంలోనే, వెట్టిచాకిరీకీ పన్నులకీ ఎదురుతిరిగిన రెండో తుపాక్ అమారుని 1781లో కుటుంబంతో సహా చంపారు.

కుస్కోలో ఇప్పుడంతా బాగుందని చెప్పడం లేదు. లామా పక్కన నిలబడి ఫొటోకి చిల్లర తీసుకునే క్వెచువా బామ్మలు అక్కడా ఉన్నారు. మన పేరంటాలపల్లి లాగే. కానీ వాళ్లు చేసిన పనులు మూడు గుర్తుపెట్టుకోండి. స్పెయిన్ పాలకులు నిషేధించిన ఇంతి రైమి అనే సూర్యుడి పండగని 1944లో మళ్లీ ఊరి పండగగా నిలబెట్టారు, అది క్వెచువా భాషలోనే జరుగుతుంది. మాచుపిచ్చు దారిలో టూరిస్టుల సామాన్లు మోసే కూలీల కోసం 2001లో చట్టం వచ్చింది, ఒక మనిషి మోసే బరువుకి హద్దు పెట్టింది. 2024 జనవరిలో మాచుపిచ్చు టికెట్ల అమ్మకం ప్రైవేటు కంపెనీకి ఇచ్చారని అక్కడి జనం రోజుల తరబడి సమ్మె చేశారు, రైళ్లు ఆగిపోయాయి, ప్రభుత్వం ఆ ఒప్పందం నుంచి వెనక్కి తగ్గింది. పండగ మాది, కూలి మాది, టికెట్ మీద మాట మాది అన్నారు.

ఇప్పుడు రాజమండ్రికి రండి. కుస్కోలో చర్చి కింద గోడలున్నట్టు, ఈ ఊరి కింద ఏముంది?

ముందు సెంట్రల్ జైలు. పాత కోట అని, స్వాతంత్ర్య సమరయోధులు ఉన్న జైలు అని చెప్తారు. ఆ సమరయోధుల్లో మన్యం మనుషులున్నారని ఎంతమంది చెప్తారు? 1879 మార్చిలో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. ఎందుకు లేచింది? సొంత చెట్టు కల్లు గీసుకుంటే చిగురుపన్ను కట్టమన్నారు. మన్సబుదారు దోచుకున్నాడు. పోలీసులు లంచాలు మెక్కారు. మైదానం వ్యాపారులు మనవాళ్లకి అర్థం కాని కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని పశువుల్ని, ధాన్యాన్ని తోలుకుపోయారు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి పేర్లు ఆ పోరాటంలోవి. గోదావరి జిల్లాలో మొదలై చుట్టుపక్కల మన్యమంతా పాకింది. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దించింది. పట్టుబడ్డవాళ్లని జైళ్లలో కుక్కింది, అండమాన్‌కి పంపింది. కొండగాలి తప్ప ఏమీ తెలియని మనుషులు ఈ జైలు గోడల మధ్య రోజులు లెక్కపెట్టుకున్నారు.

1922 నుంచి 24 వరకు మళ్లీ అదే. అడవి చట్టాలతో పోడు మీద ఆంక్షలు, ఘాట్ రోడ్ల పనికి వెట్టి. నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే రోడ్డు పని చేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దుర్మార్గం ఆ తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణం. ఇవాళ మంచు చూడ్డానికి లంబసింగికి కార్లలో పోతున్నారు కదా, ఆ దారి చరిత్ర అది. అల్లూరి సీతారామరాజుకి 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. పెట్టాల్సిందే, మనం కాదనం. మన కోసం ప్రాణమిచ్చినవాడు. అయితే ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటందొర ఎవరని భీమవరం వెళ్లిన టూరిస్టుని అడగండి. గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి గెలిచాడని అడగండి. ఎవరైనా చెప్తే నాకు రాయండి.

తర్వాత కలప, వెదురు. రాజమండ్రి కలప వ్యాపారానికి పేరున్న ఊరు. ఆ కలప ఎక్కడిది? మన అడవిది. మనవాళ్లు నరికి, వాగుల దాకా లాగి, తెప్పలు కట్టి గోదావరి మీద కిందికి వదిలింది. రాజమండ్రి పేపరు మిల్లుకి ఏళ్ల తరబడి వెళ్లిన వెదురు ఎక్కడిది? అదీ ఏజెన్సీదే. కలప వ్యాపారుల చేతుల్లో కొండరెడ్లు ఎలా నలిగిపోయారో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1945లోనే ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేశాడు. కొండరెడ్ల మీదే రాసిన పుస్తకం అది. లండన్ వాళ్లకి తెలిసిన సంగతి బోటు మైకు దగ్గరికి ఇంకా రాలేదు.

ఇక ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాడు. అంతకుముందు కరువుతో, వరదలతో చచ్చిన డెల్టా అన్నపూర్ణ అయింది. గోదావరి జిల్లాల రైతులు కాటన్ బొమ్మకి దండం పెడతారు. ఆ కృతజ్ఞత నిజమైంది, దాన్ని మనం ఎగతాళి చెయ్యకూడదు. కాకపోతే మ్యూజియం చూసి బయటికొచ్చేటప్పుడు ఒక ప్రశ్న వెంట తెచ్చుకోండి. డెల్టాకి నీళ్లిచ్చిన ఆనకట్ట కథని ఇంత శ్రద్ధగా దాచుకున్న మనం, పైన కట్టే ఆనకట్ట కింద మునిగిపోయేవాళ్ల కథని ఏ మ్యూజియంలో పెట్టబోతున్నాం?

పోలవరం గురించే అంటున్నాను. పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. 7 లక్షల ఎకరాలకి పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, కృష్ణా వైపు నీళ్లు అని లెక్కలు చెప్తారు. ఇంకో లెక్క ఉంది. ముంపు గ్రామాలు, గూడేలు కలిపి 370 పైచిలుకు. కుటుంబాలు లక్షకి పైగా. అందులో పెద్ద భాగం మనవాళ్లే, కొండరెడ్లు, కోయలు. దాని కోసమే 2014లో తెలంగాణ నుంచి మండలాల్ని తెచ్చి ఆంధ్రలో కలిపారు. కాఫర్ డ్యామ్ కట్టిన దగ్గర్నుంచి వరదొస్తే దేవీపట్నం మండలం ఊళ్లలో నీళ్లు వెనక్కి ఎగదన్ని నిలబడుతున్నాయి. గండి పోచమ్మ తల్లి గుడి నీళ్లలో ఉన్న ఫొటో ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది. ఆ తల్లి చుట్టూ ఉన్న ఊళ్లు ఏమయ్యాయన్నది లోపలి పేజీలో కూడా రాదు.

ఇప్పుడు చూడండి, పాపికొండల టూరు వెళ్లేది సరిగ్గా ఈ నీళ్ల మీదే. బోటులో టిఫిను, భోజనం, సినిమా పాటలకి డాన్సు. కిందనున్నది ఊళ్ల దారులు, పొలాలు, పశువుల రేవులు, పెద్దల సమాధులు. టూరిస్టుకి ఇది తెలీదు. తెలీకపోవడం అతని తప్పు కాదు, చెప్పేవాడు లేడు.

ఈ నది మీద జరిగిన రెండు ప్రమాదాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2018 మే 15న కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకి మునిగిపోయింది. అందులో ఉన్నది టూరిస్టులు కాదు. పనుల మీద కిందికి వెళ్లొస్తున్న పల్లె జనం. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆదివాసులు. రోడ్డు లేని ఊళ్లకి అదే బస్సు, అదే అంబులెన్సు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. వరద నీటిలో 50 మంది దాకా పోయారు. 26 మంది బతికారు. ఎలా బతికారు? కచ్చులూరు వైపు ఆదివాసులు చూసి, నాటు పడవలు వేసుకుని ఆ వరదలోకి వెళ్లి లాక్కొచ్చారు. దేశమంతా టీవీల్లో ఆ బోటు గురించే మాట్లాడింది. తర్వాత నియమాలొచ్చాయి, కంట్రోల్ రూములొచ్చాయి, మంచిదే.

నేనడిగేది ఒకటే. వీళ్లు టూరిస్టుని కాపాడారు. వీళ్ల లాంచీకి లైఫ్ జాకెట్లున్నాయో లేవో చూసేవాడెవడు? టూరిస్టు బోటుకి ఉన్న తనిఖీ, ఊరి జనం ఎక్కే బోటుకి కూడా ఉండాలా వద్దా?

కొంతమంది మనవాళ్లే అంటారు, "అన్నా, టూరిజం వస్తే మన పిల్లలకి పని దొరుకుతుంది, ఎందుకు అడ్డం పడతావు?" అని. న్యాయమైన మాటే. మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితులు నడిపిన క్యాంపుల్లో మన కుర్రాళ్లు వండిపెట్టి, దారి చూపించి బతికారు. నేను టూరిస్టుకి వ్యతిరేకిని కాదు. పని దొరకాలి. ఏ పని అన్నది అడగాలి. ప్లేట్లు కడిగే పనా, గదులు ఊడ్చే పనా, లేక లెక్కల పుస్తకం మన చేతిలో ఉండే పనా?

బొంగు చికెన్నే చూడండి. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాల్చడం అడవిలో గిన్నె లేనివాడి తెలివి. ఇప్పుడది రాజమండ్రి, కాకినాడ హోటళ్ల మెనూలో కూడా ఉంది. వంట నేర్పినవాళ్లకి పైసా రాలేదు సరే, అడవిలో మనం వెదురు కొట్టుకుంటే కేసు రాస్తామనే గార్డు మాత్రం ఇంకా ఉన్నాడు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది. దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు మనదని రాసింది. బొంగు అమ్మే హక్కు గ్రామసభ చేతిలో ఉంటే ఆ ప్లేటు ధరలో మన వాటా మనం అడగొచ్చు.

రిసార్టుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సమత కేసులో సుప్రీం కోర్టు గనుల లీజుల విషయంలో ప్రభుత్వాన్ని కూడా ఆపింది. మరి మీ ఊరి దగ్గర కొత్తగా లేచే కాటేజీలు ఎవరి పట్టాలో ఉన్నాయి? పేరు మనవాడిది, డబ్బు ఇంకొకడిది అయితే, రేపు గొడవొచ్చినప్పుడు జైలుకెళ్లేది పేరున్నవాడే. నెలకి పదివేలిస్తాను సంతకం పెట్టు అంటే పెట్టకండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రిలో ఘాట్లు, హేవలాక్ వంతెన బాగుచేసి టూరిస్టు కేంద్రంగా మార్చడానికి "అఖండ గోదావరి" పేరుతో 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా చేశారు. కోట్లు ఖర్చు పెడతారు, బోర్డులు రాస్తారు, లైట్లు పెడతారు, కథలు చెప్పిస్తారు. ఒకసారి బోర్డు రాసేశాక దాన్ని మార్చడం కష్టం. ఇప్పుడే అడగాలి. అఖండ గోదావరి అంటే కొండల్లోంచి వచ్చేది కూడా కలిపే కదా అఖండం. అడగాల్సినవి నాలుగు.

ఒకటి, బోర్డులు. సెంట్రల్ జైలు దగ్గర, పుష్కర ఘాట్ దగ్గర, బ్యారేజీ దగ్గర మన పోరాటాల పేర్లు, మన మనుషుల పేర్లు ఉండాలి. మ్యూజియంలో కొండరెడ్లకి, కోయలకి ఒక గది కావాలి. అందులో ఏం పెట్టాలో మన ఊరి పెద్దలు చెప్పాలి. తెలుగు, ఇంగ్లీషుతోపాటు కోయ భాషలో కూడా రాయాలి.

రెండు, మైకు. పాపికొండల బోటులో చెప్పేవాళ్లు ఆ ఒడ్డు ఊళ్ల పిల్లలే అయ్యుండాలి. శిక్షణ ఇచ్చి, నెల జీతమిచ్చి పెట్టుకోవాలి. టికెట్‌లో గ్రామసభకి వాటా ఉండాలి. ఊరి జనం ఎక్కే బోట్లకీ అదే లైసెన్సు, అవే జాకెట్లు.

మూడు, సమ్మతి. 1996 పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. కొత్త కాటేజీ అయినా, బోటు రేవు అయినా గ్రామసభ తీర్మానం లేకుండా పునాది తియ్యకూడదు.

నాలుగు, పోలవరం నిర్వాసితులు. రేపు జలాశయం నిండితే దాని మీద కూడా షికార్లు పెడతారు. అంతకన్నా ముందు భూమికి భూమి, ఇల్లు, ప్యాకేజీ పూర్తిగా చేతికి రావాలి. గోకవరం వైపు మైదానంలో కాలనీ ఇచ్చి వదిలేస్తే అక్కడ అయిదో షెడ్యూలు లేదు, 1/70 లేదు. ఆ రక్షణ పోయినందుకు బదులేమిటో ప్రభుత్వం కాగితం మీద చెప్పాలి.

ఇవి ధర్నా చేస్తేనే అయ్యే పనులు. మరి ఈ నెలలో మీరొక్కరే చెయ్యగలిగే పని కూడా చెప్తాను. మీ తాత దగ్గర, నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టండి. మునిగిన ఊరి పేరేంటి, రేవు పేరేంటి, ఏ చెట్టు కింద మామిడి కొత్త చేసేవాళ్లు, ఏ రాయి దగ్గర పోచమ్మకి కోడి కోసేవాళ్లు, ఏ దారిన జీలుగు కల్లుకి పోయేవాళ్లు, అన్నీ అడగండి. ఊరివారీగా రాసుకోండి. మునిగిన పేర్లు ఫోన్ మ్యాపులో గుర్తులు పెట్టి దాచండి. ఈ పేర్లు తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. బోర్డు మీద ఏం రాయాలని రేపు అధికారి అడిగితే మన దగ్గర కాగితం ఉండాలి. "మాకేం చరిత్ర ఉంది బాబూ" అని మన పెద్దాయన తల దించుకునే పరిస్థితి రాకూడదు.

మైదానం మిత్రులకి కూడా ఒక మాట. పాపికొండలు వెళ్లండి, తప్పకుండా చూడండి. బోటెక్కే ముందు లైఫ్ జాకెట్ వేసుకోండి. పేరంటాలపల్లిలో దిగితే బేరమాడకండి, అడక్కుండా ఫొటో తియ్యకండి. బోటులో మైకు పట్టుకున్నాయనని ఒక్కటడగండి: "ఈ నీళ్ల కింద ఏయే ఊళ్లున్నాయి? వాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" బోటుకి పదిమంది అడిగితే, మర్నాటికి అతను జవాబు తెలుసుకుని వస్తాడు.

రికార్డు చేసినవి మీ గ్రామసభలో చదివి వినిపించి, పెద్దలు సరే అన్నాకే పంపండి. ఏ ఊరిదో, ఎవరు చెప్పారో పైన రాయండి. పుష్కరాల లోపు ముంపు ఊళ్లన్నిటి పేర్లూ ఒక్కచోట చేరుద్దాం.

జోహార్.